నిన్నటి నెయ్యి ఏ దారిన పోయింది?

కావలికి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి నుంచి 29 ఏళ్ల యువకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కనుక మిగిలిన సంగతులే ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. ఆయన రొయ్యల మేత అమ్మే దుకాణంలో లెక్కలు చూస్తారు. ఏడాదిన్నరగా అప్పుడప్పుడు మూత్రం పాలలా తెల్లగా వస్తోంది. మంట లేదు, నొప్పి లేదు. మొదటిసారి చూసింది అక్క కూతురి ఓణీల వేడుక జరిగిన మర్నాడు. చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేక, చివరికి బావతో చెప్పారు. నెలకొకసారి ఒక లాడ్జి గదిలో కూర్చుని మందులిచ్చే వైద్యుడి దగ్గరకు బావ తీసుకెళ్లారు. ఆ వైద్యుడు నాడి పట్టుకుని, ధాతువు, అంటే వీర్యం, పోతోందని తేల్చి, పాలతో కలిపి తినమని నేతితో చేసిన లేహ్యం ఇచ్చి, మూడు విడతల్లో 18,000 రూపాయలు తీసుకున్నారు. లేహ్యం తిన్నకొద్దీ తెలుపు ఎక్కువైంది. మనిషి ఆరు కిలోలు తగ్గారు. కొడుకు చిక్కిపోతున్నాడని తల్లి పూటపూటకూ నెయ్యి పెంచుతున్నారు. మాఘమాసంలో పెళ్లి. అమ్మాయిది సింగరాయకొండ వైపు, ప్రైవేటు బడిలో టీచరు. "మగతనమే కారిపోతుంటే ఆ అమ్మాయి గొంతు కోసినవాణ్ణి అవుతానా? సంబంధం వద్దని ఏదో సాకు చెప్పి తప్పుకోనా, లేక ఎవరికీ చెప్పకుండా పెళ్లి చేసుకోనా?" అన్నది ఆయన ప్రశ్న.

ఉత్తరంలో ఆయన అంతగా లెక్కచేయకుండా రాసిన సంగతులు మరో మూడు ఉన్నాయి. దుకాణం క్యాలెండర్ మీద, మూత్రం తెల్లగా వచ్చిన తేదీలకు పెన్సిలుతో చుక్కలు పెడుతున్నారు. ఒకసారి మూత్రాన్ని నీళ్ల సీసాలో పట్టి స్నానాలగది గోడ మీద ఉంచితే, సాయంత్రానికి పైన మీగడలాంటి పొర కట్టింది, అడుగున జున్నుముక్కలాంటి గడ్డ కనిపించింది. పదో తరగతి చదివే రోజుల్లో తరచూ గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం వచ్చేదట.

ఇక మీకు నా సమాధానం.

మీ ఉత్తరంలో నేను అన్నింటికన్నా ముందు పట్టుకున్నది ఆ క్యాలెండర్‌ను. చుక్కలు పడిన తేదీలు మీరే వరుసగా రాశారు: ఓణీల వేడుక మర్నాడు, సంక్రాంతి మూడు రోజులూ, లేహ్యం తిన్న నెలన్నర, మీ స్నేహితుడి పెళ్లిలో బిర్యానీ తిన్న రాత్రి. చుక్క ఒక్కటీ పడలేదని మీరు విడిగా రాసిన వారం ఒకటి ఉంది. అది మీకు జ్వరం వచ్చి గంజి, చారన్నం మీద ఉన్న వారం. ధాతువు పండుగలను, విందులను చూసుకుని పోదు. కొవ్వు తిన్న కొన్ని గంటలకు తెల్లబడి, గంజి తాగిన రోజుల్లో తేటపడే మూత్రం ఒక ప్రత్యేకమైన లోపాన్ని చూపిస్తుంది. వైద్యులు దాన్ని కైలూరియా అంటారు. ఉత్తరం చూసి రోగం పేరు ఖాయం చేయడం నా పని కాదు, పరీక్షలు చేసిన వైద్యుడే ఆ పని చేయాలి. అయినా మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి కనుక, అసలు ఏం జరుగుతోందో మీకు అర్థమయ్యేటట్టు చెప్పడం అవసరం. అది అర్థమైతే మీ ప్రశ్న రూపమే మారిపోతుంది.

మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం చక్కెరలుగా, పప్పులోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా విడిపోయి, చిన్న పేగు గోడ దాటి సన్నని రక్తకేశనాళికల్లోకి దిగుతాయి. అక్కడి నుంచి పోర్టల్ సిర వాటిని నేరుగా కాలేయానికి చేరుస్తుంది. నెయ్యి, నూనెల సంగతి వేరు. అవి నీటితో కలవవు. పైత్యరసం వాటిని సన్నని తుంపరలుగా చీలిస్తే, క్లోమరసంలోని లైపేజ్ అనే ఎంజైము ఆ కొవ్వును కొవ్వు ఆమ్లాలుగా, మోనోగ్లిసరైడ్లుగా విడగొడుతుంది. ఇవి పేగు కణాల్లోకి చేరాక, ఇంత కష్టపడి విడదీసింది ఎందుకా అనిపించేటట్టు, మళ్లీ కొవ్వుగా అతుక్కుంటాయి. ఆ కణం వాటి మీద ప్రొటీను, ఫాస్ఫోలిపిడ్ల పొర తొడిగి చిన్న మూటలు కడుతుంది. వాటి పేరు కైలోమైక్రాన్లు. ఈ మూటలు రక్తకేశనాళికల గోడ సందుల్లో పట్టనంత పెద్దవి. అందుకని వాటికి వేరే దారి ఉంది. పేగు లోపలి గోడ మీద మఖమలు నూగులా నిలబడి ఉండే ఆంత్రచూషకాల్లో, ప్రతి ఒక్కదాని నడిమధ్యా ఒక మొండి గొట్టం ఉంటుంది. దాన్ని లాక్టియల్ అంటారు. మన మాటల్లో పాలనాళం అనుకోవచ్చు. దాని గోడలోని కణాల అంచులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి కనుక, ఆ సందుల్లోంచి మూటలు లోపలికి జారగలవు.

ఈ పాలనాళాలు లింఫ్ వ్యవస్థలో భాగం. మీ గజ్జల్లో కట్టిన బిళ్లలు కూడా ఆ వ్యవస్థలోవే. రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే మురుగు కాల్వలని దాన్ని పిల్లల పుస్తకాల్లో చెబుతారు గానీ, పేగు దగ్గర మాత్రం అది అన్నం మోసే కాల్వే. కొవ్వుతో పాటు ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా ఆ దారిలోనే ప్రయాణిస్తాయి. కొవ్వు మూటలతో నిండి తెల్లబడిన ఆ ద్రవాన్ని కైల్ అంటారు. అది పేగును పట్టి ఉంచే పొరల్లోని లింఫ్ గ్రంథుల మీదుగా, నడుము ఎముకల ముందు ఉన్న ఒక చిన్న సంచిలాంటి భాగానికి చేరి, అక్కడి నుంచి సుమారు 40 సెంటీమీటర్ల పొడవున్న థొరాసిక్ నాళంలో వెన్నెముక వెంట పైకెక్కి, ఎడమవైపు మెడ, భుజం కలిసే చోట పెద్ద సిరలో పడుతుంది. మీ అమ్మగారు మధ్యాహ్నం ముద్దలో వేసిన నెయ్యి కాలేయం ముఖం చూడకుండానే ముందు మెడ దగ్గర రక్తంలో కలుస్తుందన్నమాట. రక్తంలో ట్రైగ్లిసరైడ్ల, అంటే కొవ్వు, పరీక్షకు పరగడుపున రమ్మనడంలో ఒక కారణం ఇదే. విందు తిన్న మూడు నాలుగు గంటలకు తీసిన రక్తంలో, కణాలు పోగా మిగిలే ప్లాస్మా అనే ద్రవం మసకగా, పాలు కలిపినట్టు కనిపిస్తుంది.

ఈ పాలనాళాలను మొదట గుర్తించిన ఘనత ఇటలీ వైద్యుడు గాస్పరే అసెల్లిది. 1622 జూలైలో ఆయన ఒక కుక్కను వేరే పని మీద కోసి చూస్తుండగా, పేగు పొరల మీద తెల్లని దారాలు కనిపించాయి. నరాలేమోనని ఒకదాన్ని తెంపితే పాలలాంటి ద్రవం చిమ్మింది. మరో కుక్కను కోసి చూస్తే ఏమీ కనిపించలేదు. కారణం ఆయనకు తట్టింది: మొదటి కుక్క అప్పుడే కడుపునిండా తిని ఉంది. 1651లో ఝాఁ పెకే అనే ఫ్రెంచివాడు ఆ పాలు చివరకు చేరే థొరాసిక్ నాళం సంగతి ప్రకటించాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తిన్న రోజుకూ తినని రోజుకూ ఉన్న తేడాను పట్టుకున్నది అసెల్లి చేసిన పని అయితే, మీరు రొయ్యల మేత క్యాలెండర్ మీద చేసిందీ అదే. లాడ్జి గదిలో నాడి పట్టుకున్న మనిషి ఆ క్యాలెండర్ ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది.

మీలో ఈ కాల్వ ఎక్కడో గండిపడి ఉండాలి. మూత్రపిండాల లింఫ్ నాళాలు కూడా నడుము దగ్గర ఉన్న అదే సంచికి చేరతాయి. పైదారి పూడుకుపోయినా, నాళాలు ఉబ్బి వాటిలోని కవాటాలు పనిచేయకపోయినా, పేగు నుంచి వచ్చిన కైల్ పైకెక్కలేక వెనక్కి తన్ని మూత్రపిండం వైపు మళ్లుతుంది. అక్కడ సన్నని నాళం ఒకటి చిట్లితే మూత్రంలో పడుతుంది. సీసాలో మీరు చూసిన మీగడ, పేగు దాటిన కొవ్వే. అడుగున కనిపించిన గడ్డ, లింఫ్‌లో ఉండే ఫైబ్రినోజన్ అనే ప్రొటీను ఫైబ్రిన్‌గా మారి గడ్డకట్టడం వల్ల వచ్చింది. వీర్యం అనుకోవడానికి ఇందులో చోటు లేదు. అది సాధారణంగా ఒక్కసారికి చెంచాడు మించదు, దానితో ఒక సీసా మూత్రం పాలలా మారడం జరగదు. లేహ్యం తిన్న రోజుల్లో తెలుపు ఎందుకు పెరిగిందో కూడా ఇప్పుడు మీకే తెలుస్తుంది. నెయ్యి, పాలమీగడ పోసి గండిని పారించారు. ఇలాంటి మగతనం మందుల ప్రకటనలను నిషేధించే చట్టం 1954 నుంచి దేశంలో ఉన్నా, గోడల మీద రాతలు చెరగడం లేదు. కోప్పడినంత మాత్రాన ఆ డబ్బు తిరిగి రాదు కాబట్టి దాని సంగతి వదిలేస్తున్నాను. మీ బావగారి మీద కూడా కోపం పెట్టుకోకండి. ఆయనకు తెలిసిన దారి అదొక్కటే.

మన కోస్తా జిల్లాల్లో కైలూరియాకు ఎక్కువగా కనిపించే మూలం ఫైలేరియా, అంటే బోదకాలు తెచ్చే పురుగు. దాని పెద్ద పురుగులు లింఫ్ నాళాల్లోనే ఏళ్ల తరబడి కాపురం చేస్తాయి. అందరికీ కాలు వాయదు. కొందరికి చిన్నతనంలో గజ్జల్లో బిళ్లలు, చలిజ్వరాలు వచ్చి తగ్గిపోయి, పదేళ్లకో పదిహేనేళ్లకో ఇలా బయటపడుతుంది. మీ నాయనమ్మగారికి బోదకాలు ఉండేదని, అది వంశంలో దిగిందేమోనని రాశారు. అది వంశపారంపర్యం కాదు. మీ ఇద్దరినీ కుట్టిన దోమలు ఒకే ఊరివి, అంతే. ఆ దోమ క్యూలెక్స్. ఇళ్ల వెనక మురుగు కాల్వల్లో, సెప్టిక్ గుంటల్లో పెరుగుతుంది. కనుక రొయ్యల చెరువుల దగ్గర పని చేయడం వల్ల వచ్చిందేమోనన్న మీ అనుమానం కూడా వదులుకోవచ్చు. ఏడాదికొకసారి ఇంటింటికీ తిరిగి మింగించే బోదకాలు మాత్రలను మీ ఇంట్లో డబ్బాలో వేసి ఉంచారని రాశారే, ఆ పని మాత్రం ఇకముందు చేయకండి. క్షయ, దెబ్బలు, అరుదుగా కణితుల వల్ల కూడా కైల్ మూత్రంలోకి కారవచ్చు. అలాగే మూత్రం తెల్లగా కనిపించడానికి చీము, ఫాస్ఫేట్ లవణాలు కూడా కారణం కావచ్చు. అందుకే పరీక్షలు తప్పవు.

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ యూరాలజిస్టును కలవండి. మూత్రంలో ట్రైగ్లిసరైడ్లు ఉన్నాయేమో చూస్తారు. ఈథర్ కలిపి కుదిపితే కొవ్వు అందులో కరిగి మూత్రం తేటపడుతుంది, అదీ ఒక పాత పరీక్షే. ఫైలేరియా కోసం రక్తాన్ని రాత్రి పది దాటాక తీయవలసి రావచ్చు. పురుగు పిల్లలు రాత్రివేళే పైరక్తంలోకి వస్తాయి, అవి దోమల వేళలు తెలిసిన పిల్లలు. కైలూరియా ఉన్నవారిలో చాలామందికి ఆ రక్తపరీక్షలో ఏమీ కనిపించదు. కనిపించలేదని మీ రోగం అబద్ధమైపోదు. అవసరమైతే స్కాన్, ఏ మూత్రపిండం నుంచి కారుతోందో చూసే సిస్టోస్కోపీ కూడా చేస్తారు. మూత్రం గడ్డ అడ్డం పడి ఆగిపోయినా, రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

చికిత్సలో మీ ముందు రెండు మూడు దారులు ఉంటాయి, ఒక్కొక్క దాని వెనక ఒక్కొక్క ఫలితం ఉంది. కొందరికి తిండి మార్చి, నీళ్లు బాగా తాగితే దానంతటదే ఆగిపోతుంది, అయితే తిరగబెట్టే అవకాశం ఉంటుంది. ఫైలేరియా ఉందని తేలితే డీఈసీ మాత్రల కోర్సు ఇస్తారు. అది పురుగు మీద పనిచేస్తుంది గానీ ఇప్పటికే చిట్లిన నాళాన్ని కుట్టదు. దానికి లొంగకపోతే, మూత్రపిండంలోకి సన్నని గొట్టం పంపి, కారే చోటు మూసుకుపోయేలా మందు ఎక్కిస్తారు. ఇది చాలామందికి పనిచేస్తుంది, కొందరికి రెండోసారి చేయవలసి వస్తుంది. శస్త్రచికిత్స చివరి మాట. ఏమీ చేయకుండా ఉండిపోవడం కూడా ఒక దారే. దానివల్ల రేపే ప్రాణం మీదకు రాదు. కానీ కొవ్వుతో పాటు మాంసకృత్తులు, రోగాలతో పోరాడే లింఫోసైట్ కణాలు, విటమిన్లు రోజూ పోతుంటాయి. ఆరు కిలోలు తగ్గిన మనిషికి అది మంచి బేరం కాదు.

తిండి విషయంలో మీ అమ్మగారిని ఎదిరించవద్దు, ఆవిడ చేతికి వేరే పని ఇవ్వండి. కొడుకు చిక్కిపోతుంటే వట్టి చేతులతో కూర్చోమంటే ఏ తల్లీ కూర్చోదు. మీరు తిన్నవాటిలో నేరుగా ఆ గండి దారి పట్టేది ముఖ్యంగా కొవ్వే. పిండిపదార్థాలు, మాంసకృత్తులు రక్తం దారిన పోతాయని పైన చెప్పాను కదా. కాబట్టి కందిపప్పు, వెన్న పోయని ఉలవచారు, గుడ్డులో తెల్లసొన, చిలికి వెన్న తీసిన మజ్జిగ ధారాళంగా తినవచ్చు. రొయ్యల ఊళ్లో ఉన్నారు గనుక ఇంకో మంచి మాట: రొయ్యలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి, కొవ్వు చాలా తక్కువ. కొరమీనూ అంతే. చేపల పులుసు మానవలసిన పని లేదు. మామిడికాయ వేసి కాచిన పులుసు మీద మన వైపు తేలే ఆ ఎర్రని నూనె పొర మాత్రం మీ కంచంలోకి రాకూడదు. వేపుళ్లు, మలై కాజాలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. కొబ్బరినూనె వాడమని మీ బావగారు చెప్పిన మాటలో కొంత నిజం ఉంది: పొట్టి గొలుసు, మధ్యస్థ గొలుసు కొవ్వు ఆమ్లాలు లింఫ్ దారి పట్టకుండా చాలావరకు పోర్టల్ సిర గుండా కాలేయానికి పోతాయి. కానీ కొబ్బరినూనెలో సుమారు సగం లారిక్ ఆమ్లం. అది రెండు దారులూ తొక్కే రకం. మధ్యస్థ గొలుసు కొవ్వులతో చేసి వైద్యులు రాసే ఎంసీటీ నూనె వేరు, వంటింట్లో కొబ్బరినూనె వేరు. మొదటిది వైద్యుడు చెబితేనే వాడండి.

ఇప్పుడు పెళ్లి మాట. మీరు రెండు దారులే రాశారు: సాకు చెప్పి తప్పుకోవడం, దాచి చేసుకోవడం. తప్పుకోవడానికి ఇందులో కారణమే కనిపించదు. కైలూరియా భార్యకు అంటదు, పిల్లలకు దిగదు. దోమ మధ్యవర్తిత్వం లేకుండా ఫైలేరియా ఒకరి నుంచి ఒకరికి రాదు. మగతనానికీ దీనికీ సంబంధం లేదు. సాకు చెప్పి సంబంధం వదులుకుంటే, లేని లోపానికి మీరే శిక్ష వేసుకున్నట్టు అవుతుంది. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయకుండానే ఊరి నోళ్లలో పడుతుంది. ఖాయమైన సంబంధం చెడితే మన వైపు ముందు అడిగేది అమ్మాయిలో ఏం లోపమని. ఇక దాచడం. పెళ్లయ్యాక మొదటి పండక్కి అత్తవారింటికి వెళతారు. కొత్త అల్లుడికి అరిసెలు, నేతి బొబ్బట్లు, మాంసం పలావు పెట్టకుండా ఏ అత్తగారూ పంపదు. మీరు వద్దంటే అలిగారనుకుంటారు. తింటే మర్నాడు స్నానాలగదిలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆ రోజు ఆ అమ్మాయికి మీరు చెప్పే మాట, ముందు చెప్పే మాటకన్నా పదింతలు బరువుగా ఉంటుంది. దాచినందుకే అది బరువెక్కుతుంది.

ఇప్పుడే, పరీక్షలు కాకముందే చెప్పేయాలనిపించవచ్చు. అప్పుడు మీరు చెప్పగలిగేది మీ భయం మాత్రమే. పెద్దల ద్వారా పంపితే, సింగరాయకొండ చేరేలోగా ఆ మాట ఏ రూపం దాలుస్తుందో ఊహించుకోండి. నా మట్టుకు నేనైతే ముందు పరీక్షలు చేయించుకుని, రోగం పేరు రాసిన కాగితం చేతిలో పెట్టుకుని, ముహూర్తానికి తగినంత ముందుగా అమ్మాయితోనే నేరుగా మాట్లాడతాను. లింఫ్ దారి ఎక్కడ గండిపడిందో, ఏం తింటే ఏమవుతుందో, చికిత్స ఎంతవరకు వచ్చిందో పైన నేను చెప్పినంత సాదాగా చెప్పవచ్చు. బడిలో పాఠాలు చెప్పే అమ్మాయి కనుక బొమ్మ గీసి చూపినా నవ్వుకోదు. విని వెనక్కి తగ్గుతుందేమోనన్నది మీ భయం. తగ్గే అవకాశం ఉంది, ఆ హక్కు ఆమెది. చికిత్స పూర్తికావడానికి ముహూర్తం అడ్డొస్తే రెండు నెలలు వెనక్కి జరపమని అడగడం కూడా ఉంది. దాని వల్ల కల్యాణమండపం అడ్వాన్సు పోవచ్చు, నాలుగు ప్రశ్నలు రావచ్చు. గొట్టం ద్వారా మందు ఎక్కించే చికిత్స అవసరమైతే తప్ప అంత దూరం పోవలసిన పని నాకు కనిపించడం లేదు. ఈ తూకం మీరే వేసుకోవాలి. మీ రెండు ఇళ్ల తీరు మీకు తెలిసినంత నాకు తెలియదు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు క్యాలెండర్ తీసుకెళ్లండి. ఆ చుక్కలు చూసి నవ్వే వైద్యుడు ఉండడు. పరీక్షకు తెల్లటి నమూనా కావాలి కాబట్టి, కొవ్వు తిని రమ్మని వైద్యులే చెప్పడం కద్దు. మీ వైద్యుడూ అలాగే చెబితే, ఆ ముందు రాత్రి మాత్రం మీ అమ్మగారు నేతిగిన్నె ఎత్తినప్పుడు కంచానికి చెయ్యి అడ్డం పెట్టకండి.